తీవ్రవాదులను చూసి మతాన్ని తూచవచ్చా?

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. ఒక మతం పేరు చెప్పి ఎవరో హత్యాకాండకు పాల్పడ్డారన్న వార్త రాగానే రెండు మాటలు వినిపిస్తాయి. "ఆ మతమే అంత" అని కొందరంటారు, "ఉగ్రవాదానికి మతం లేదు" అని మరికొందరంటారు. మత సంప్రదాయాల తులనాత్మక అధ్యయనాన్ని చాలాకాలం బోధించిన మాస్టారు ఈరోజు మనతో ఉన్నారు. మాస్టారూ, ఈ రెండింటిలో మీరు దేనివైపు?

అతిథి: రెండో మాట అనేవారి మనసు మంచిదమ్మా. ఒకరి నేరానికి కోట్లాది మందిని దోషులుగా నిలబెట్టకూడదన్న తపన అందులో ఉంది కాబట్టి దాన్ని నేను గౌరవిస్తాను. అయితే న్యాయంగా తీర్పు చెప్పాలనుకునేవారు అక్కడితో ఆగిపోకూడదు. 1995 నవంబర్ 4న ఇజ్రాయెల్ ప్రధాని ఇత్జాక్ రాబిన్‌ను కాల్చి చంపిన యువకుడు, యూదు ధర్మశాస్త్రం అనుమతించిన పనే తాను చేశానని చెప్పుకున్నాడు. అతనికి మతంతో సంబంధమే లేదని తేల్చేస్తే, అతను ఏ నియమాన్ని పట్టుకున్నాడు, దాన్ని ఎంత దూరం సాగదీశాడు అన్న విచారణ మొదలే కాదు.

వ్యాఖ్యాత: ఆ నియమం ఏమిటో వివరిస్తారా?

అతిథి: ఒకడు మరొకరిని చంపడానికి వెంటపడుతున్నప్పుడు, బాధితుడి ప్రాణం కాపాడటానికి వేరే దారి లేకపోతే ఆ వెంటపడేవాణ్ణి చంపైనా ఆపవచ్చునన్నది నియమం. గాయపరిచి ఆపగలిగే వీలుండి కూడా చంపితే అది నేరమేనని అదే శాస్త్రం హెచ్చరిస్తుంది. పాలస్తీనియన్లతో ఒప్పందం చేసుకున్న ప్రధాని యూదుల ప్రాణాలకు ముప్పు తెస్తున్నాడని వాదించి, హంతకుడు ఆయనను ఈ నియమం కిందికి లాగాడు. కళ్లెదుట ఆయుధం ఎత్తినవాడి గురించి చెప్పిన మాటను, ఎన్నికల్లో ఓడించగలిగిన ఒక నాయకుడికి అంటగట్టాడు. నియమానికి ఉన్న హద్దులన్నిటినీ తీసేసి, చంపవచ్చునన్న ఒక్క ముక్కను మిగుల్చుకున్నాడు. అందుకే తీవ్రవాది ఏ వాక్యాన్ని చూపించాడో విన్న తర్వాత, ఆ పక్కనే ఉన్న దేన్ని వదిలేశాడో కూడా వెతకాలంటాను.

వ్యాఖ్యాత: ఖురాన్ విషయంలో కూడా కొన్ని వాక్యాలనే పదేపదే చూపించడం చూస్తుంటాం.

అతిథి: తొమ్మిదో అధ్యాయంలోని ఐదో వాక్యాన్నే తీసుకుందాం. నిషిద్ధ మాసాలు, అంటే యుద్ధం చేయకూడని నెలలు, గడిచాక బహుదైవారాధకులను ఎక్కడ కనబడితే అక్కడ చంపమని అందులో ఉంది. సాయుధ ముఠాలు దాన్నే ఉదాహరిస్తాయి, ఇస్లాంను ద్వేషించేవారూ దాన్నే ఉదాహరిస్తారు. దానికి ముందున్న నాలుగో వాక్యం, ఒప్పందానికి కట్టుబడి ఉన్న బహుదైవారాధకులను మినహాయించి, గడువు తీరేదాకా ఆ ఒప్పందాన్ని గౌరవించమంటుంది. ఆరో వాక్యం, వారిలో ఎవరైనా ఆశ్రయం కోరితే ఆశ్రయమిచ్చి, దైవవాక్కు వినిపించి, తరువాత వారిని సురక్షితమైన చోటికి చేర్చమంటుంది. ముఠా నాయకుడూ మతద్వేషీ బద్ధశత్రువులే అయినా, ఈ పుటను చదివే తీరులో మాత్రం ఇద్దరూ ఒక్కటే.

అయితే మతాన్ని సమర్థించేవారు కూడా కొన్నిసార్లు ఇదే పని చేస్తారు. ఒక్కరిని అన్యాయంగా చంపినవాడు మానవజాతినంతా చంపినట్టేనన్న ఐదో అధ్యాయం 32వ వాక్యాన్ని ఉటంకించి, కఠిన శిక్షలను చెప్పే 33వ వాక్యాన్ని దాటవేస్తారు. నిజాయతీగా చదివేవారు రెండింటినీ బల్లమీద పెట్టి, ఆ సమాజంలోని పండితులూ సామాన్యులూ శతాబ్దాలుగా వాటిని ఎలా అర్థం చేసుకుని జీవించారో అడిగి తెలుసుకోవాలి. అది శ్రమతో కూడిన పని, దానికి అడ్డదారి లేదు.

వ్యాఖ్యాత: మన మతం విషయానికి వచ్చేసరికి మాత్రం మనకు ఆ ఓపిక పుట్టుకొస్తుంది కదా?

అతిథి: అసలు చిక్కంతా అక్కడే ఉందమ్మా. మన మతంలో హంతకుడు పుడితే వాడు దారితప్పిన ఒక్కడు, పక్క మతంలో పుడితే వాడే ఆ మతానికి ప్రతినిధి. 1985లో స్టాక్‌హోమ్‌లో అమెరికాలో పుట్టిన మోర్మన్ మతశాఖ ఆలయ నిర్మాణాన్ని కొందరు వ్యతిరేకించినప్పుడు, అక్కడి లూథరన్ అనే ప్రొటెస్టెంట్ క్రైస్తవ శాఖ బిషప్ క్రిస్టర్ స్టెండాల్ మూడు సూత్రాలు చెప్పారు. ఒక మతం గురించి తెలుసుకోవాలంటే దాని శత్రువులను కాక అనుయాయులను అడగాలన్నారు. మనలోని ఉత్తమమైనదాన్ని ఎదుటివారిలోని అధమమైనదానితో పోల్చవద్దన్నారు. వారి దగ్గర మనం మెచ్చి, మనకూ ఉంటే బాగుండుననిపించేదానికి మనసులో చోటివ్వమన్నారు. రెండో సూత్రాన్ని పాటించడమే అన్నిటికంటే కష్టమని నా అభిప్రాయం.

వ్యాఖ్యాత: అలాగైతే ఏ మతాన్నీ విమర్శించే వీలు లేకుండా పోదా?

అతిథి: పోదు. సిద్ధాంతాన్ని విమర్శించవచ్చు, మతసంస్థలను నిలదీయవచ్చు, ద్వేషాన్ని బోధించిన గురువు పేరు పెట్టి అడగవచ్చు. ఆ విమర్శను దారినపోయే మనిషి మీద నేరంగా మోపడం అన్యాయం. 2001 సెప్టెంబర్ 11 దాడులు జరిగిన నాలుగు రోజులకే, అమెరికాలోని అరిజోనాలో ఒక సిక్కును అతని తలపాగా చూసి కాల్చి చంపారు. ఆయన ముస్లిం కూడా కాదు. ముస్లిం అయి ఉంటే మాత్రం ఆ హత్య ఏ రకంగా సబబు అవుతుంది?

వ్యాఖ్యాత: "మామూలు అనుయాయులు ఎందుకు ఖండించరు?" అన్న ప్రశ్న కూడా వస్తుంది.

అతిథి: ఖండించినప్పుడు మనం విన్నామా అని ముందు చూసుకోవాలి. 2014 సెప్టెంబర్‌లో 120 మందికి పైగా ముస్లిం పండితులు ఇరాక్, సిరియాల్లో హత్యాకాండ సాగించిన ఐసిస్ అనే సాయుధ ముఠా నాయకుడు బగ్దాదీకి బహిరంగ లేఖ రాసి, అతని వాదనలను మతశాస్త్రం ఆధారంగానే ఒక్కొక్కటిగా ఖండించారు. ముఠా విడుదల చేసిన వీడియోలు చేరినంత దూరం ఆ లేఖ చేరలేదు. అలాగని మౌనానికి బాధ్యత ఉండదని నేననను. 1963 ఏప్రిల్‌లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి, అమెరికా నల్లజాతివారి హక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్, తన ఉద్యమాన్ని తప్పుపట్టిన ఎనిమిది మంది శ్వేతజాతి మతాచార్యులకు జవాబు రాస్తూ, మధ్యేమార్గం పట్టిన శ్వేతజాతీయుల ఉదాసీనతనూ శ్వేతజాతి చర్చిల మౌనాన్నీ తీవ్రంగా తప్పుపట్టారు. ఆయన స్వయంగా ఒక చర్చి పాస్టరు. అదే ఏడాది సెప్టెంబర్ 15న అదే నగరంలో శ్వేతజాతి ఆధిపత్యం కోరే క్లూ క్లక్స్ క్లాన్ ముఠా సభ్యులు ఒక నల్లజాతి చర్చిలో బాంబు పేల్చి నలుగురు బాలికలను చంపారు. శిలువను తగలబెట్టి ఊరేగిన ఆ ముఠా, కింగ్ చేతిలోని బైబిల్‌నే తమదిగా చెప్పుకుంది. క్రైస్తవం ఎలాంటిదని అడిగినవారికి ఈ ఇద్దరినీ చూపించక తప్పదు.

వ్యాఖ్యాత: స్టెండాల్ చెప్పినట్టు అనుయాయులనే అడిగితే, వారు మంచి మాత్రమే చెప్పరా?

అతిథి: ఆ ప్రమాదం ఉంది. అందుకే ఆయన మొదటి సూత్రానికి నేను ఒక చేర్పు చేస్తాను. మతం లోపల ఉండి గాయపడినవారినీ, దాన్ని విడిచి బయటికి వచ్చినవారినీ కూడా అడగాలి. వారిని శత్రువుల పద్దులో రాసి కొట్టిపారేయడం చాలా సంప్రదాయాలకు అలవాటు. మతం విడిచిన మనిషికి ఎదురైంది ఒక కుటుంబం కాఠిన్యమా, ఒక సంస్థ దౌర్జన్యమా, లేక ఆ మత సిద్ధాంతమేనా అన్నది విడమరచి అడిగితే, చాలామంది ఆ తేడాను మనకంటే స్పష్టంగా చెప్పగలరు. తాము వదిలేసిన విశ్వాసంలో నేటికీ ఇష్టపడేదేమిటో కూడా వారిలో కొందరు అడగకుండానే చెబుతారు.