పింగ్యావ్ కోట: గోడ మీది నీళ్లు, గోడ లోపలి మనుషులు

శ్రోతలకు నమస్కారం.

2021 అక్టోబరు మొదటి వారంలో ఉత్తర చైనాలోని షాంసీ ప్రావిన్స్‌ను వాన పట్టుకుంది. మామూలుగా ఆ నెలలో అక్కడ వానలు తక్కువ. ఆ ఏడు మాత్రం రోజుల తరబడి తెరిపి ఇవ్వలేదు. అది జాతీయ దినోత్సవ సెలవుల వారం, ఏడాది మొత్తంలో యాత్రికులు కిక్కిరిసే సమయం కూడా. ఆ వారంలోనే పింగ్యావ్ అనే పాత ఊళ్లో 650 ఏళ్ల నాటి కోట గోడ లోపలివైపు సుమారు 25 మీటర్ల మేర జారి కూలింది. ఇంకా చాలాచోట్ల మట్టి పెళ్లలుగా ఊడిపడింది. గోడ ఎందుకు కూలిందో అర్థమైతే, ఇలాంటి ఊళ్లో యాత్రికుల నుంచి వచ్చే డబ్బు ముందుగా ఎక్కడికి వెళ్లాలో కూడా అర్థమవుతుంది. ఇవాళ్టి ప్రసంగం దాని గురించే.

పింగ్యావ్ షాంసీ రాజధాని తైయువాన్‌కు దక్షిణాన, దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో ఉంది. మింగ్ వంశం రాజ్యానికి వచ్చిన కొత్తల్లో, 1370లో, పాత మట్టిగోడను పెంచి ఇప్పుడున్న కోటను కట్టారు. చుట్టుకొలత 6 కిలోమీటర్ల పైచిలుకు. ఎత్తు 10 నుంచి 12 మీటర్లు. ఆరు ద్వారాలు, 72 కావలి బురుజులు. దక్షిణ ద్వారం తల, ఉత్తర ద్వారం తోక, తూర్పు పడమరల్లో ఉన్న నాలుగూ కాళ్లు అన్నట్టు దీన్ని తాబేలు ఊరని పిలుస్తారు. గోడ లోపల రెండుంపావు చదరపు కిలోమీటర్ల జాగాలో నాలుగు వేలకు దగ్గరగా పాతకాలపు లోగిళ్లు ఉన్నాయి.

ఇన్ని లోగిళ్లు కట్టే డబ్బు వ్యాపారం నుంచి వచ్చింది. 1823లో ఇక్కడి ఒక రంగుల వ్యాపార సంస్థ రిషెంగ్‌చాంగ్ పేరుతో డబ్బు బదిలీ చేసే కొఠీగా మారింది. మన షావుకార్ల హుండీ లాంటిదే ఆ పద్ధతి. ఒక ఊళ్లో వెండి కట్టి కాగితం తీసుకుంటే, వందల మైళ్ల అవతల ఇంకో ఊళ్లో ఆ కాగితం చూపించి వెండి తీసుకోవచ్చు. ఆ సంస్థను చూసి మరికొన్ని పుట్టాయి. ఒక దశలో ఇలాంటి ఇరవైకి పైగా కొఠీలకు ఈ చిన్న ఊరే కేంద్రం. 1911లో రాజరికం కూలి, కొత్త తరహా బ్యాంకులు వచ్చాక ఆ వైభవం పోయింది. తర్వాత వచ్చిన పేదరికమే ఊరిని కాపాడింది. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకునే స్తోమత ఎవరికీ లేకపోయింది.

1980ల మొదట్లో ఆ రక్షణా పోయే పరిస్థితి వచ్చింది. ఊరి మధ్య నుంచి వెడల్పాటి రోడ్లు వేయాలన్న ప్రణాళిక తయారై, పడమటి వైపు కూల్చివేత మొదలైంది కూడా. షాంఘైలోని టోంగ్జీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రువాన్ యీసాన్ తన విద్యార్థులతో వచ్చి ఇంకో ప్రణాళిక గీశారు. పాత ఊరిని ముట్టుకోకుండా కొత్త ఊరిని గోడ బయట కట్టాలన్నదే అందులోని ముఖ్యాంశం. 1986లో పింగ్యావ్ జాతీయ చారిత్రక నగరాల జాబితాకెక్కింది. 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది.

ఇప్పుడు గోడ దగ్గరికి వద్దాం. ఓరుగల్లు మట్టికోటను చూసినవారికి కొంత ఊహ ఉంటుంది. పింగ్యావ్ గోడ కూడా లోపలంతా మట్టే. ఆ మట్టిని పలుచని పొరలుగా పోసి, దిమ్మిసతో కొట్టి గట్టిపరుస్తూ పైకి లేపారు. దాని బయటి ముఖానికి ఇటుక తొడుగు వేశారు. లోపలి ముఖం చాలా మేర మట్టిగానే ఉంటుంది. గోడ పైభాగం ఇటుక పరిచిన నడకదారి. దాని మీద పడిన నీరు ఊరివైపు వాలి, గోడ వెంట కట్టిన జలదారుల గుండా కిందికి దిగాలి.

షాంసీ నేల గాలికి కొట్టుకొచ్చి పేరుకున్న పసుపు మట్టి. ఎండగా ఉన్నప్పుడు దాంట్లో గుహ తవ్వి కాపురం ఉండవచ్చు, అంత గట్టిగా నిలుస్తుంది. తడిస్తే మాత్రం రేణువులను పట్టి ఉంచే బంధం వదిలిపోయి, తన బరువుకు తానే కుంగుతుంది. నడకదారి మీద ఇటుకల సందు తెరుచుకుంటే నీరు లోపలికి దిగుతుంది. తడిసిన మట్టి బరువెక్కుతుంది, పట్టు తగ్గుతుంది. అది లోపలివైపు జారితే 2021లో చూసిన కూలుడు. బయటికి ఒత్తితే ఇటుక తొడుగు ముందు కడుపు ఉబ్బినట్టు పొంగి, తర్వాత ఊడిపడుతుంది. 2004లో దక్షిణ ద్వారం దగ్గర గోడ కొంతభాగం పడిపోయింది. చలికాలం ఇంకో దెబ్బ. సందుల్లో నిలిచిన నీరు గడ్డకడితే పరిమాణం దాదాపు 9 శాతం పెరిగి ఇటుకను పగలగొడుతుంది. వేసవిలో ఆ పగులులో గడ్డి గింజ మొలిస్తే వేరు మిగతా పని చేస్తుంది.

అంటే ఇలాంటి గోడకు ముందు కావలసింది రంగురంగుల దీపాలు కాదు. ఏటా వానలకు ముందు జలదారులన్నీ పూడిక తీయాలి. పైనున్న ఇటుకల సందులు సున్నంతో నింపాలి. మొక్కలను పీకేయకుండా మొదలు దగ్గర కోసి వేరు ఎండనివ్వాలి. గట్టిగా పీకితే వేరుతోపాటు మట్టి పెళ్ల ఊడి వస్తుంది. గోడ పొడవునా ఉబ్బు, పగులు ఉన్న చోట్ల గుర్తులు పెట్టి, నెలనెలా కొలిచి రాసుకోవాలి. పగులు ఎప్పటి నుంచి ఉందన్నది పెద్ద విషయం కాదు, పెరుగుతోందా లేదా అన్నదే చూడాలి. ఈ పని ఏదీ ఫొటోలో కనబడదు. అందుకే బడ్జెట్టులో వెనక్కి పోతుంది. టికెట్ల మీద వచ్చే ప్రతి యువాన్‌లో మొదటి వాటా దీనికే రాసిపెట్టాలన్నది మా గట్టి అభిప్రాయం.

ఇళ్ల సంగతి ఇంకా సున్నితమైనది. పింగ్యావ్ లోగిలి మన మండువా ఇంటికి దూరపు చుట్టంలా ఉంటుంది. మధ్యలో ముంగిలి, చుట్టూ గదులు, పక్కగదుల కప్పులు ముంగిలివైపే వాలుతాయి. వాన నీరంతా ఇంట్లోనే పడాలి, సంపద బయటికి పోకూడదని అక్కడివారి నమ్మకం. నమ్మకం ఎలా ఉన్నా, ముంగిలిలో పడిన నీటిని బయటి కాలువకు చేర్చే తూము మూసుకుపోతే ఆ నీరంతా పునాదుల్లోకే పోతుంది. తూము సాధారణంగా ఎవరో నేల మీద కొత్త గచ్చు వేయించినప్పుడు మూసుకుపోతుంది.

లోగిలిని అతిథిగృహంగా మార్చేటప్పుడు జరిగే మొదటి తప్పు సిమెంటు. పాత ఇటుక మెత్తన, తేమను పీల్చి మళ్లీ గాలికి వదులుతుంది. సున్నం దర్జు దానికి అడ్డురాదు. సిమెంటు పూస్తే తేమ బయటికి వచ్చే దారి మూసుకుపోయి ఇటుకలోనే నిలుస్తుంది, దానితో వచ్చిన ఉప్పు ఇటుక ముఖాన్ని పొడిపొడిగా రాల్చేస్తుంది. మన తాతల నాటి గానుగ సున్నం విలువ ఇక్కడా అంతే. రెండో తప్పు స్నానాల గదులు. ఈ ఇళ్లు గదిగదికీ స్నానాలగది ఉండేలా కట్టినవి కావు. అతిథి గదులు పది పెడితే పది చోట్ల నీటి గొట్టాలు నేల కిందికి వెళ్తాయి. ఒక్క అతుకు కారినా, పైన చెప్పిన పసుపు మట్టి నెమ్మదిగా కుంగి, ఆరు నెలల తర్వాత గోడలో ఏటవాలు పగులు కనిపిస్తుంది. అందుకని గొట్టాలను పునాదికి ఆనించి వేయకూడదు. ముంగిలి మధ్య నుంచి, ఇటుకతో కట్టిన చిన్న కాలువలో, మూత తీసి చూసుకునే వీలుతో వేయాలి. స్నానాల గదులన్నీ ఒకే వైపుకు చేర్చాలి. మరమ్మతుకు ముందు ప్రతి గదినీ కొలిచి, ఫొటో తీసి, ఏ కిటికీ ఎప్పటిదో రాసుకోవాలి. బాగున్న దూలాన్ని మార్చకూడదు. కుళ్లిన కొనను మాత్రం కోసి, అదే జాతి చెక్కను అతకాలి.

ఇదంతా ఖరీదైన పని. సొంతదారుకు స్తోమత ఉండదు. 2012 నుంచి పింగ్యావ్ కౌంటీ ప్రభుత్వం సొంత లోగిళ్ల మరమ్మతుకు ఖర్చులో కొంత భాగం భరించడం మొదలుపెట్టింది. నిపుణులు ఇల్లు చూడటం, పద్ధతిని ఒప్పుకోవడం, పని అయ్యాక తనిఖీ చేయడం అందులో భాగం. టోంగ్జీ విశ్వవిద్యాలయం, యునెస్కో ఆధ్వర్యంలోని శిక్షణ సంస్థ కలిసి ఇంటి యజమానులకూ మేస్త్రీలకూ ఉపయోగపడే మార్గదర్శకాలు తయారుచేశాయి. చేసిన అన్ని పనుల్లోకీ ఇదే మేలైనదని చెప్పాలి. ఎందుకంటే ఇది ఇంటివాణ్ణి ఇంట్లోనే ఉండనిస్తుంది.

1997 తర్వాత కార్యాలయాలు, బడులు, ఆసుపత్రులు చాలావరకు గోడ బయటికి తరలాయి. జనాభా కూడా దాదాపు సగానికి తగ్గింది. మరీ కిక్కిరిసిన ఊళ్లో కొంత తగ్గడం అవసరమే, ఒక్కో లోగిలిలో ఆరేడు కుటుంబాలు సర్దుకుని ఉన్న రోజులవి. కానీ బడి పోతే చిన్నపిల్లలున్న కుటుంబం పోతుంది. ఆ కుటుంబం పోతే కూరగాయల కొట్టు పోతుంది. అదే ఏడాది వారసత్వ హోదా పొందిన, నైరుతి చైనాలోని లిజియాంగ్ అనే పాత ఊళ్లో ఏమైందో అందరూ చూశారు. నాషీ జాతి సొంతదారులు మంచి అద్దెకు ఇళ్లిచ్చి కొత్త ఊరికి వెళ్లిపోయారు, పాత ఊరు బయటివాళ్ల దుకాణాలతో నిండిపోయింది. పింగ్యావ్ దక్షిణ వీధిలోనూ ఆ పోకడ ఉంది. ఏ ఊళ్లోనైనా దొరికే యంత్రపు సరుకు పక్కనే, ఇక్కడి లక్క పాత్రలు కూర్చుని ఉంటాయి. ఆ పాత్రకు చెక్క మీద పూతపై పూతగా లక్క వేసి, ప్రతి పూతా ఆరనిచ్చి, సానపట్టి, చివర అరచేత్తో రుద్ది మెరుపు తెస్తారు. చేతి పనికీ యంత్రపు పనికీ ధర తేడా ఎందుకో కొనేవాడికి చెప్పకపోతే చవకదే గెలుస్తుంది. దుకాణం అద్దె ఒప్పందంలోనే కొంత జాగా స్థానిక వృత్తులకు ఉండాలని రాయించడం, పనివాళ్లు నలుగురి ఎదుట కూర్చుని పని చేసేలా చూడటం మేలు.

ఊరు ఎంతమందిని మోయగలదన్నది లెక్కవేసి చెప్పవలసిన విషయం. ఉదాహరణకు 100 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ఉన్న వీధి తీసుకోండి. 500 చదరపు మీటర్లు. మనిషికి రెండున్నర చదరపు మీటర్లు ఇస్తే ఒకేసారి 200 మంది. ఒక్కొక్కరు ఆ భాగంలో అరగంట ఉంటే ఎనిమిది గంటల్లో 3,200 మంది. ఆ లెక్క కాగితం మీద బాగుంటుంది, కానీ జనం సమానంగా రారు. పదకొండింటికి అందరూ ఒక్కసారే వస్తారు. అదీకాక అన్నిటికన్నా ఇరుకైన చోటే అసలు పరిమితి. కోట గోడ మీద ఎంత జాగా ఉన్నా, దిగే మెట్లు ఎంతమందిని పంపగలవో అంతమందినే ఎక్కనివ్వాలి.

ఈ విషయంలో పింగ్యావ్ టికెట్టు పద్ధతి బాగుంది. ఊళ్లో నడవడానికి టికెట్టు అక్కర్లేదు. గోడ ఎక్కడానికీ, పాత సర్కారు కచేరీ, కొఠీలు, ఆలయాలు చూడటానికీ కలిపి ఒకే టికెట్టు, అది ఒకరోజుకు మించి చెల్లుతుంది. యాత్రికుడు ఆదరాబాదరాగా తిరిగి సాయంత్రం రైలెక్కకుండా రాత్రి ఆగుతాడు. 2014లో హైస్పీడు రైలు వచ్చాక ఉదయం వచ్చి సాయంత్రం వెళ్లడం తేలికైంది కాబట్టి, ఆపగలిగే ఏ ఏర్పాటైనా విలువైనదే. రాత్రి ఆగినవాడి డబ్బు వంటింటికి, పనిమనిషికి, మేస్త్రీకి చేరుతుంది.

పాత కట్టడాలన్నీ మింగ్ కాలానివే కానక్కర్లేదు. గోడ లోపల మూతపడిన డీజిలు ఇంజన్ల కర్మాగారాన్ని పడగొట్టకుండా బాగుచేశారు. దర్శకుడు జియా జాంగ్‌కే మొదలుపెట్టిన చలనచిత్రోత్సవం 2017 నుంచి అక్కడే జరుగుతోంది. అదే షాంసీలోని డాటోంగ్ వేరే దారి పట్టింది. అక్కడ పాత మట్టిగోడ చుట్టూ కొత్త ఇటుక తొడిగి, కోటను మళ్లీ పూర్తిగా చుట్టబెట్టారు. లోపలి పాత వాడలు కూలిపోయాయి. పాతది తీసేసి పాతకాలపు వేషంలో కొత్తది కట్టారని 2019లో కేంద్ర ప్రభుత్వ శాఖలే బహిరంగంగా మందలించిన నగరాల్లో అదొకటి.

చివరగా నిప్పు. 2014 జనవరిలో యునాన్‌లోని షాంగ్రిలా పాత పట్టణం, దుకెజోంగ్, ఒక్క రాత్రిలో 240కి పైగా ఇళ్లు కోల్పోయింది. మొదలైంది ఒక అతిథిగృహంలోని కరెంటు హీటరు దగ్గర. చలికి గడ్డకడతాయన్న భయంతో కట్టేసిన అగ్నిమాపక నీటి గొట్టాల్లో అవసరానికి నీళ్లు లేవు. పింగ్యావ్‌లోనూ చలికాలపు రాత్రి సున్నాకు బాగా కిందికి దిగుతుంది, గదికో హీటరు పెట్టుకున్న అతిథిగృహాలు ఉన్నాయి, పైన చెక్క దూలాలు ఉన్నాయి. కాబట్టి గొట్టాలు నేల గడ్డకట్టే లోతుకు కింద పాతాలి. పైకి తేలిన భాగాన్ని వాడాక ఖాళీ చేసే కవాటం పెట్టాలి. పెద్ద ఇంజను పట్టని సందుల కోసం చిన్న బండ్లు, చేతి పంపులు, ఇసుక బకెట్లు ఉంచాలి. పాత వైరింగు మీద హీటరు భారం మోపకుండా ప్రతి అతిథిగృహానికీ విడి లైను వేయాలి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వారానికోసారి, ఒక్కో వీధిలో కుళాయి తిప్పి నీళ్లు వస్తున్నాయో లేదో చూసి, తేదీ వేసి సంతకం పెట్టే మనిషి ఒకరు ఉండాలి. ఆ మనిషి జీతం కూడా ఆ టికెట్టు డబ్బులోంచే రావాలి.

నమస్కారం.