గేముల కోసం విండోస్ పక్కన లినక్స్: ముందు చేసుకోవాల్సిన పనే ఎక్కువ

(తెర మీద: ల్యాప్‌టాప్ ఆన్ అవుతుంది. నల్లటి మెనూ వస్తుంది. పై వరుసలో లినక్స్ మింట్, కింద విండోస్ బూట్ మేనేజర్.)

నమస్తే అండీ. ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే వచ్చిన ఈ మెనూ చూశారుగా. పై వరుస నొక్కితే లినక్స్ వస్తుంది, కింది వరుస నొక్కితే మీ పాత విండోస్ ఎప్పటిలాగే వస్తుంది. దీన్నే డ్యూయల్ బూట్ అంటాం. గేముల కోసం దీన్ని ఎలా పెట్టుకోవాలో ఈ వీడియోలో చూద్దాం. ఒక మాట ముందే చెబుతున్నాను: ఇందులో ఇన్‌స్టాల్ చేసే భాగం చాలా చిన్నది. అసలు పనంతా దానికి ముందు, విండోస్‌లోనే ఉంటుంది. ఆ ముందు పని వదిలేసి పెన్ డ్రైవ్ పెట్టేస్తేనే తర్వాత లబోదిబోమనాల్సి వస్తుంది.

లినక్స్‌లో గేములేంటి అనుకునేవాళ్లకు కాస్త వెనక కథ. గేముల స్టోర్ స్టీమ్‌ను నడిపే వాల్వ్ కంపెనీ 2018 ఆగస్టులో ప్రోటాన్ అనే టూల్ తెచ్చింది. దాని లోపల ఉన్నది వైన్. గేమ్ విండోస్‌ను ఏ పని అడిగినా, వైన్ దాన్ని లినక్స్‌కు అర్థమయ్యేలా మార్చి చేయిస్తుంది. గ్రాఫిక్స్ దగ్గర ఇంకో చిక్కు ఉంది. గేమ్ విండోస్ గ్రాఫిక్స్ భాష అయిన డైరెక్ట్‌ఎక్స్‌లో బొమ్మ గీయమంటుంది, లినక్స్‌లో డైరెక్ట్‌ఎక్స్ లేదు. అక్కడ డీఎక్స్‌వీకే అనే ఇంకో పొర ఆ ఆదేశాలను లినక్స్‌లో పనిచేసే వల్కన్ అనే గ్రాఫిక్స్ భాషలోకి మార్చి గ్రాఫిక్స్ కార్డుకు అందిస్తుంది. ప్రాసెసర్‌కు నకలు తయారు చేసే పని లేదు కాబట్టి ఎమ్యులేటర్‌లో లాగా స్పీడ్ చతికిలపడదు. 2022 ఫిబ్రవరిలో వచ్చిన స్టీమ్ డెక్ మొత్తం నడుస్తున్నది దీని మీదే.

మరి అంత బాగుంటే విండోస్ తీసేస్తే పోలా? వద్దు. కారణం యాంటీ-చీట్, అంటే ఆన్‌లైన్ గేముల్లో మోసం చేసేవాళ్లను పట్టుకునే ప్రోగ్రామ్.

(తెర మీద: మూడు గేముల పేర్లు, పక్కన ఎర్ర గుర్తు.)

వాలరెంట్ ఆడాలంటే వాన్‌గార్డ్ అనే ప్రోగ్రామ్ విండోస్ కెర్నెల్ లోపల, అంటే ఓఎస్ గుండెకాయలో, కూర్చోవాలి. లినక్స్‌లో అది కూర్చోదు, గేమ్ తెరుచుకోదు. 2024 మేలో లీగ్ ఆఫ్ లెజెండ్స్‌కూ వాన్‌గార్డ్ పెట్టారు, దాంతో అదీ పోయింది. ఫోర్ట్‌నైట్ సరేసరి. ఇంకా బాధ కలిగించేవి నిన్నటిదాకా నడిచి ఆగినవి. జీటీఏ ఆన్‌లైన్‌కు 2024 సెప్టెంబరులో బాటిల్‌ఐ అనే యాంటీ-చీట్ తగిలించారు, లినక్స్ వాళ్లు బయట పడ్డారు. ఏపెక్స్ లెజెండ్స్ అదే ఏడాది అక్టోబరు చివర్లో లినక్స్‌కు తలుపులు మూసేసింది. కాబట్టి మీ రాత్రులన్నీ వాలరెంట్‌లోనే గడుస్తుంటే ఈ వీడియో ఇక్కడే ఆపేయండి, మీ టైమ్ మిగులుతుంది.

కౌంటర్-స్ట్రైక్ 2, డోటా 2 లాంటివి నేరుగా లినక్స్‌కే తయారయ్యాయి. ఎల్డెన్ రింగ్ ప్రోటాన్‌తో ఆన్‌లైన్ సహా ఆడుకోవచ్చు. సింగిల్ ప్లేయర్ గేములైతే చాలావరకు దిగులు లేదు. మీ గేమ్ సంగతి తేల్చుకోవాలంటే ప్రోటాన్‌డీబీ సైట్‌లో పేరు వెతకండి. ప్లాటినం, గోల్డ్ అని ఉంటే బాగా నడుస్తుందని. బోర్క్‌డ్ అని ఉంటే ఆశ వదులుకోండి. ఆ రేటింగ్ ఒక్కటే చూసి వెళ్లిపోకుండా, మీ గ్రాఫిక్స్ కార్డే ఉన్నవాళ్లు ఈమధ్య ఏం రాశారో నాలుగు ముక్కలు చదవండి.

ఇక ఏ లినక్స్? మీ ల్యాప్‌టాప్‌లో రెండో ఎస్ఎస్‌డీకి స్లాట్ ఖాళీగా ఉంటే, ఇంకో ఎస్ఎస్‌డీ కొని దాని మీద బాజైట్ వేసుకోండి. అది గేముల కోసమే తయారైంది, స్టీమ్ లోపలే ఉంటుంది, ఎన్‌విడియా వాళ్లకు వేరే ఫైల్ ఇస్తారు. రెండు ఓఎస్‌లు రెండు డిస్కుల మీద ఉంటే ఒకదాని జోలికి ఒకటి రాదు, నా దృష్టిలో ఇంతకంటే మంచి పద్ధతి లేదు. కానీ మనలో చాలామంది దగ్గర ఉండేది ఒకే 512 జీబీ ఎస్ఎస్‌డీ. అలాంటివాళ్లకు నేను లినక్స్ మింట్ చెబుతాను. దాని ఇన్‌స్టాలర్ విండోస్‌ను గుర్తుపట్టి, పక్కన పెట్టనా అని అడుగుతుంది. ఇక్కడి నుంచి చూపించేది మింట్ దారే.

(తెర మీద: విండోస్ సెట్టింగ్స్.)

ముందు బ్యాకప్. ప్రాజెక్టులు, ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్‌లు బయటి డిస్కులోకో, క్లౌడ్‌లోకో చేరాలి. గాల్లో దీపం పెట్టి దేవుడా నీదే భారం అంటే కుదరదు. పార్టిషన్లు, అంటే డిస్కులోని భాగాలు, మార్చే సమయంలో చార్జర్ తీయకండి.

రెండోది బిట్‌లాకర్, అంటే డిస్కు మొత్తానికి విండోస్ వేసే తాళం (ఎన్‌క్రిప్షన్). దీని దగ్గర కాస్త ఆగాలి. మేం ఎప్పుడూ ఆన్ చేయలేదే అంటారు. మీరు చేయక్కర్లేదు. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే హోమ్ ఎడిషన్‌లో కూడా డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది. తర్వాత మీరు బయాస్‌లో (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే, విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగ్స్‌లో) ఏదో మారుస్తారు, నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అప్పుడు వెతుక్కోవడం మొదలుపెడితే టెన్షన్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఇప్పుడే మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి, మీ డివైస్ పేరు కింద రికవరీ కీ ఉందో లేదో చూసి, కాగితం మీద రాసుకోండి. ఫోన్‌లో ఫొటో ఉన్నా సరే. అదే ల్యాప్‌టాప్‌లో నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేస్తే మాత్రం ఉపయోగం సున్నా. కీ చేతిలో ఉన్నాక సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, డివైస్ ఎన్‌క్రిప్షన్‌కు వెళ్లి ఆఫ్ చేయండి. డిస్కు మొత్తం విప్పడానికి టైమ్ పడుతుంది, పూర్తయ్యేదాకా వదిలేయండి.

మూడోది ఫాస్ట్ స్టార్టప్. ఇది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలోకి జారుకుంటుంది. సీ డ్రైవ్ ఇంకా తన చేతిలోనే ఉందనుకుంటుంది. లినక్స్‌లోకి వచ్చి ఆ డ్రైవ్ తెరిస్తే అసలు తెరుచుకోదు, లేదా చదవనిస్తుంది కానీ రాయనివ్వదు. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే చోట దాని టిక్ తీసేయండి.

ఇప్పుడు జాగా. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్, డిస్క్ మేనేజ్‌మెంట్, సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్, ష్రింక్ వాల్యూమ్. ఎంత ఇవ్వాలి? స్టీమ్ పేజీలో కౌంటర్-స్ట్రైక్ 2కు 85 జీబీ, ఎల్డెన్ రింగ్‌కు 60 జీబీ కావాలని ఉంది. కాబట్టి 50 జీబీతో సరిపెడదామనుకుంటే ఓఎస్ మాత్రమే మిగులుతుంది. 150 జీబీ ఇవ్వండి, వీలైతే 200.

(తెర మీద: ష్రింక్ కిటికీ. కేవలం 20 జీబీ మాత్రమే ఇస్తానని చూపిస్తుంది.)

ఇదిగో, చాలామందికి ఎదురయ్యే తలనొప్పి ఇదే. సీ డ్రైవ్‌లో 250 జీబీ ఖాళీ ఉంది, కానీ విండోస్ ఇరవైకి మించి ఇవ్వనంటుంది. కదపడానికి వీల్లేని ఫైళ్లు డిస్కు మధ్యలో ఎక్కడో కూర్చుని ఉంటాయి: పేజ్ ఫైల్, హైబర్నేషన్ ఫైల్, రిస్టోర్ పాయింట్లు. ఆ మూడింటినీ తాత్కాలికంగా ఆఫ్ చేసి, రీస్టార్ట్ చేసి, మళ్లీ ష్రింక్ తెరవండి. అంకె పెరుగుతుంది. జాగా తీసుకున్నాక పేజ్ ఫైల్‌నూ, రిస్టోర్ పాయింట్లనూ మళ్లీ ఆన్ చేసుకోవచ్చు. తీసిన జాగాకు ఫార్మాట్ చేయకండి, పేరు పెట్టకండి. అది అన్‌అలొకేటెడ్ అనే నల్ల గీతతోనే ఉండాలి.

పెన్ డ్రైవ్ 8 జీబీది చాలు. మింట్ సైట్ నుంచి ఫైల్ దించి రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించండి. పెన్ డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి, గుర్తుంచుకోండి. తర్వాత రీస్టార్ట్ చేసి బూట్ మెనూ తెరవాలి: డెల్, లెనోవో అయితే ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9, ఏసస్ అయితే ఎస్కేప్. కొన్ని లెనోవోల్లో పక్కన సూది మొన పట్టే రంధ్రం ఉంటుంది. ఆఫ్‌లో ఉన్నప్పుడు అందులో గుచ్చినా మెనూ వస్తుంది.

సెక్యూర్ బూట్ అంటే నమ్మకమైన సంతకం ఉన్న ఓఎస్‌లనే బూట్ కానిచ్చే బయాస్ కాపలా. దాన్ని ఆఫ్ చేయమని ఎవరైనా చెబితే వినకండి. అది పాత సలహా. మింట్ సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నా బూట్ అవుతుంది. పైగా విండోస్ 11లో వాలరెంట్‌కు సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండి తీరాలి. మీరు ఆఫ్ చేస్తే అటు విండోస్‌లో ఆడుకునేదీ పోతుంది.

పెన్ డ్రైవ్ నుంచి మింట్ తెరుచుకున్నాక వెంటనే ఇన్‌స్టాల్ నొక్కకండి. వైఫై పట్టుకుంటుందా, సౌండ్ వస్తుందా, టచ్‌ప్యాడ్ కదులుతుందా, బ్రైట్‌నెస్ బటన్లు పనిచేస్తున్నాయా చూడండి. ఏదైనా తేడా ఉంటే ఇప్పుడే తెలిసిపోతుంది, డిస్కు మీద ఇంకా ఏమీ రాయలేదు.

ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో కొన్నిటికి ఇన్‌స్టాలర్ డిస్కునే చూపించదు. బయాస్‌లో వీఎండీ, లేదా ఆర్ఎస్‌టీ అనే ఇంటెల్ డిస్కు సెట్టింగ్ ఆన్‌లో ఉండటం వల్ల ఇలా అవుతుంది. తిన్నగా వెళ్లి అది ఆఫ్ చేస్తే విండోస్ బూట్ కాకుండా మొరాయిస్తుంది. ముందు విండోస్‌లోకి వెళ్లి, సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో బూట్ ట్యాబ్ కింద సేఫ్ బూట్ టిక్ పెట్టండి. రీస్టార్ట్ చేసి బయాస్‌లో వీఎండీ ఆఫ్ చేయండి. విండోస్ సేఫ్ మోడ్‌లో ఒకసారి తెరుచుకుని కొత్త పద్ధతికి అలవాటు పడుతుంది, అప్పుడు టిక్ తీసేయండి. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు, మీ ఖాతా పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ముందే చూసుకోండి.

(తెర మీద: మింట్ ఇన్‌స్టాలర్.)

ఇన్‌స్టాలర్‌లో గుండె చిక్కబట్టుకోవాల్సిన చోటు ఇదొక్కటే. విండోస్ బూట్ మేనేజర్ పక్కన ఇన్‌స్టాల్ చేయి అనే ఆప్షన్ ఎంచుకోండి. దాని కిందే డిస్కు మొత్తం చెరిపేయి అనేది ఉంటుంది, దాన్ని ముట్టుకోవద్దు. పక్కన పెట్టే ఆప్షన్ కనిపించకపోతే బలవంతంగా ముందుకు వెళ్లకుండా వెనక్కి వచ్చి, జాగా నిజంగా వదిలారా, ఎన్‌క్రిప్షన్ పూర్తిగా పోయిందా చూడండి. మిగతాదంతా పేరు, పాస్‌వర్డ్, ఊరు.

ఎన్‌విడియా ఉన్నవాళ్లు ఇంకో తెర గురించి తెలుసుకోవాలి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నప్పుడు ఇన్‌స్టాలర్ గానీ, తర్వాత డ్రైవర్ మేనేజర్ గానీ ఒక కొత్త పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ చేయగానే నీలం తెర వస్తుంది, కొన్ని సెకన్లు మాత్రమే ఆగుతుంది. ఏదో ఒక బటన్ నొక్కి, ఎన్‌రోల్ ఎంఓకే, కంటిన్యూ, యస్ అని వెళ్లి ఆ పాస్‌వర్డ్ కొట్టాలి. టీ తాగడానికి లేచి వెళ్తే ఆ తెర పోతుంది, డ్రైవర్ ఎక్కదు, మీ ఆర్‌టీఎక్స్ కార్డు ఉండీ లేనట్టే. ఏఎండీ గ్రాఫిక్స్ వాళ్లకు ఈ గొడవ లేదు, డ్రైవర్ లినక్స్‌తోనే వస్తుంది. డైరెక్ట్‌ఎక్స్ 12 గేముల్లో ఎన్‌విడియా మీద విండోస్ కంటే ఫ్రేములు తగ్గడం కూడా చాలామంది కొలిచి చూపించారు. ఏఎండీ మీద ఆ తేడా తక్కువ.

స్టీమ్ వేశాక మన డేటా సంగతి. గేములన్నీ మళ్లీ దించుకోవాలా? అక్కర్లేదు. విండోస్ డ్రైవ్ తెరిచి, స్టీమ్ ఫోల్డర్ లోపల స్టీమ్‌యాప్స్, దాని లోపల కామన్‌లో ఉన్న గేమ్ ఫోల్డర్‌ను లినక్స్ స్టీమ్‌లో అదే చోటికి కాపీ చేయండి. అప్పుడు ఇన్‌స్టాల్ నొక్కితే, ఉన్న ఫైళ్లను స్టీమ్ గుర్తించి తక్కువైనవే దించుకుంటుంది. కాపీ ఎందుకు, విండోస్ డ్రైవ్ నుంచే నేరుగా ఆడితే పోదా అని అడుగుతారు. ఆడకండి. ప్రోటాన్ ప్రతి గేమ్‌కూ ఒక చిన్న నకిలీ సీ డ్రైవ్ తయారు చేస్తుంది, అందులో సీ పక్కన రెండు చుక్కలున్న పేరు ఉంటుంది. విండోస్ ఫైల్ సిస్టమ్‌లో అలాంటి పేరు చెల్లదు. గేమ్ తెరుచుకోకపోవడం దగ్గర్నుంచి డ్రైవ్‌లో ఎర్రర్ల దాకా అన్నీ దాంతోనే వస్తాయి.

గేమ్ తెరుచుకోకపోతే దాని ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీకి వెళ్లి వేరే ప్రోటాన్ వెర్షన్ పెట్టి చూడండి. ఎపిక్ స్టోర్ గేములకు హీరోయిక్ లాంచర్ వాడండి.

మళ్లీ విండోస్‌లోకి వెళ్లినప్పుడు గడియారం అయిదున్నర గంటలు వెనకబడి కనిపించొచ్చు. ల్యాప్‌టాప్ లోపలి గడియారాన్ని విండోస్ మన టైమ్‌గా చదువుతుంది, లినక్స్ గ్రీన్‌విచ్ టైమ్‌గా చదువుతుంది. మనకు ఆ తేడా సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు. లినక్స్‌లో ఒక్క కమాండ్‌తో పోతుంది, డిస్క్రిప్షన్‌లో పెట్టాను.

విండోస్ అప్‌డేట్ తర్వాత మెనూ మాయమై నేరుగా విండోస్ వచ్చేస్తే కంగారు పడకండి. బయాస్‌లో బూట్ వరుస మారింది, లినక్స్‌ను మళ్లీ పైకి తెస్తే చాలు. అన్నిసార్లూ ఇంత తేలిగ్గా పోతుందని మాత్రం చెప్పను. 2024 ఆగస్టు అప్‌డేట్ దెబ్బకు ఎంతోమంది లినక్స్ సెక్యూరిటీ పాలసీ ఉల్లంఘన అంటూ బూట్ కాకుండా ఆగిపోయింది. మైక్రోసాఫ్ట్ దాన్ని పూర్తిగా సరిచేసేసరికి 2025 మే వచ్చింది. బిట్‌లాకర్ మళ్లీ ఆన్ చేసుకున్నవాళ్లకు ఈ మెనూ నుంచి విండోస్ తెరిస్తే రికవరీ కీ అడగొచ్చు. అలాంటప్పుడు బూట్ మెనూ కీ నొక్కి నేరుగా విండోస్ ఎంచుకోండి.

చివరగా, నచ్చకపోతే తీసేయడం. చాలామంది విండోస్‌లోకి వెళ్లి లినక్స్ పార్టిషన్ డిలీట్ చేసేస్తారు. మర్నాడు ఆన్ చేస్తే నల్ల తెర మీద గ్రబ్ అనే అక్షరాలు, పక్కన మినుకుమినుకుమనే గీత, అంతే. మెనూ చూపించే ప్రోగ్రామ్ ఇంకా ముందు వరుసలోనే ఉంది, దానికి కావాల్సిన ఫైళ్లు పోయాయి. ముందు బయాస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ను మొదటి వరుసకు తెచ్చి, ఒకసారి విండోస్ నేరుగా తెరుచుకుంటుందో లేదో చూసుకోండి. ఆ తర్వాతే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో లినక్స్ భాగం డిలీట్ చేసి, సీ డ్రైవ్ మీద ఎక్స్‌టెండ్ వాల్యూమ్ నొక్కండి. ఇచ్చిన 150 జీబీ తిరిగి వచ్చేస్తుంది.