ఏ వేళకు కమ్ముతోంది ఈ మబ్బు?

శ్రోతలకు నమస్కారం.

రాత్రి ఎనిమిది గంటలు నిద్రపోయి లేచినా, స్నానం చేసి వచ్చేసరికి మళ్ళీ మంచం ఎక్కాలనిపిస్తుంది. రోజూ పిలిచే మనిషి పేరు నాలుక చివర ఆగిపోతుంది. పాలు పొయ్యి మీద పెట్టిన సంగతి మాడు వాసన వస్తే గానీ గుర్తుకు రాదు. మాస్ట్ కణాల జబ్బు ఉన్నవాళ్ళు దద్దుర్ల గురించీ కడుపునొప్పి గురించీ డాక్టరుకు చెప్పగలుగుతారు గానీ, ఈ నిస్సత్తువను, ఈ బుర్ర మొద్దుబారడాన్ని ఎలా చెప్పాలో తెలియక ఊరుకుంటారు. ఈ రెంటినీ కలిపి మనం మబ్బు అందాం. చెప్పినా "టానిక్కు తాగండి" అనే మాటే ఎక్కువ వినబడుతుంది.

మాస్ట్ కణాలంటే ఏమిటో ముందు రెండు మాటలు. 1878లో పాల్ ఎర్లిక్ అనే జర్మన్ శాస్త్రవేత్త వీటికి పేరు పెట్టాడు. లోపల గింజలు కిక్కిరిసి కనబడేసరికి బాగా మేసి బలిసిన కణాలనుకున్నాడు. జర్మన్‌లో 'మాస్ట్' అంటే మేపి బలిపించడం. ఆ గింజలు తిండి కాదు, హిస్టమిన్, ట్రిప్టేజ్ లాంటి రసాయనాల నిల్వలు. ఇవి చర్మంలో, పేగుల్లో, ఊపిరితిత్తుల్లో, రక్తనాళాల చుట్టూ, నరాల పక్కన కాపలా కాస్తుంటాయి. మాస్టోసైటోసిస్‌లో వీటి సంఖ్యే పెరిగిపోతుంది. మాస్ట్ సెల్ యాక్టివేషన్ సిండ్రోమ్‌లో సంఖ్య మామూలుగానే ఉండవచ్చు, కానీ చిన్న కారణానికే రసాయనాలు కుమ్మరించేస్తాయి.

రెండింటిలోనూ నీరసం ఉంటుంది. అయితే ఆ నీరసం ఒక్కచోటి నుంచి రాదు, అందుకే ఒక్క మందుతో పోదు. ఎక్కడి నుంచి వస్తోందో తేల్చడానికి అన్నిటికంటే చవకైన సాధనం గోడ గడియారం. రెండు వారాలపాటు చిన్న నోటుబుక్కులో, మబ్బు కమ్మినప్పుడల్లా టైము, పదికి ఎంత తీవ్రత, అంతకు ముందు రెండు గంటల్లో తిన్నది, వేసుకున్న మాత్ర, చేసిన పని, అప్పటి నాడి రాయండి. నిమిషానికి మించి రాయొద్దు. రాయడమే అలసటైతే మూడో రోజుకు పుస్తకం అటకెక్కుతుంది.

మాత్ర వేసుకున్న గంటా రెండు గంటలకు మబ్బు వస్తోందా? అయితే మాత్రనే అనుమానించాలి. మనల్ని మెలకువగా ఉంచే రసాయనాల్లో హిస్టమిన్ ఒకటి, దాన్ని మెదడు తనకు తానే తయారుచేసుకుంటుంది. పాతకాలపు అలర్జీ మందులు మెదడులోకి చొరబడి దాన్నీ అడ్డుకుంటాయి. ఏవిల్‌లో ఉండే ఫెనిరమిన్, హైడ్రాక్సిజిన్, జలుబు మాత్రల్లో కనబడకుండా కూర్చునే క్లోర్‌ఫెనిరమిన్ ఈ కోవవే. కీటోటిఫెన్ కూడా నిద్ర తెప్పిస్తుంది. సెట్రిజిన్ కొందరికి మత్తుగా ఉంటుంది. ఫెక్సోఫెనడిన్‌తో మత్తు చాలా తక్కువ. అయితే దాన్ని మంచినీళ్ళతోనే మింగాలి. నారింజ, యాపిల్ రసాలతో వేసుకుంటే సరిగ్గా ఒంటబట్టదు. ఏ మాత్రనూ మీ అంతట మీరు ఆపొద్దు, జబ్బు ఒక్కసారిగా తిరగబడవచ్చు. నోటుబుక్కు చూపించి, మందు మార్చగలరా, మత్తు మాత్రను రాత్రికి జరపగలరా అని డాక్టరును అడగండి.

నిలబడినప్పుడు వస్తోందా? ఈ రసాయనాలకు రక్తనాళాలు వెడల్పవుతాయి, వాటిలోని ద్రవం బయటికి కారుతుంది. లేచి నిలుచుంటే రక్తం కాళ్ళలో ఆగి మెదడుకు తగ్గుతుంది. ఇంట్లోనే చూసుకోవచ్చు, పక్కన మాత్రం ఒక మనిషి ఉండాలి. పది నిమిషాలు వెల్లకిలా పడుకుని నాడి లెక్కపెట్టండి. లేచి గోడకు ఆనకుండా నిలబడి ఒకటో, మూడో, అయిదో, పదో నిమిషంలో నాడి, బీపీ రాయండి. కళ్ళు తిరిగితే అక్కడితో ఆపేయాలి. పెద్దవాళ్ళలో బీపీ పెద్దగా పడకుండానే నాడి 30 లేదా అంతకు మించి పెరిగి అలాగే ఉంటే పాట్స్ అనే ఇబ్బంది కావచ్చు, ఆ అంకెలు డాక్టరుకు చూపాలి. ఇలాంటివాళ్ళు కూరగాయలు కూర్చుని తరుక్కోవాలి. స్నానాల గదిలో ప్లాస్టిక్ స్టూలు వేసుకుని గోరువెచ్చటి నీళ్ళే పోసుకోవాలి. పొగలు కక్కే నీళ్ళు రెండు విధాలా చెరుపే. వేడికి నాళాలు ఇంకా వెడల్పవుతాయి, మాస్ట్ కణాలూ రెచ్చిపోతాయి. ఉప్పూ నీళ్ళూ పెంచడం కొందరికి పనిచేస్తుంది గానీ, బీపీ, కిడ్నీ సమస్యలున్నవాళ్ళు అడగకుండా ఆ పని చేయకూడదు. గుండెదడకని బీటా బ్లాకర్ రాయబోతే మీకున్న జబ్బు పేరు చెప్పండి. ఆ మాత్ర వాడుతుంటే ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్ సరిగ్గా పనిచేయకపోవచ్చు.

భోజనమయ్యాక వస్తోందా? నిల్వ ఉన్న చేపల్లో, మాంసంలో, పులియబెట్టిన పదార్థాల్లో హిస్టమిన్ పేరుకుంటుంది. మళ్ళీ మరగబెట్టినా అది పోదు. మిగిలిన కూరను పొయ్యి పక్కన వదిలేయకుండా వెంటనే చిన్న డబ్బాల్లో డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలి. ఎండు చేపలు, బాగా పులిసిన దోసెల పిండి రెండు నుంచి నాలుగు వారాలు మానేసి చూడండి. తేడా లేకపోతే ఒక్కొక్కటే మళ్ళీ మొదలుపెట్టండి. ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఈ పథ్యం అందరికీ పనికొస్తుందనడానికి బలమైన ఆధారాలు లేవు. అనుమానంతో ఒక్కొక్కటీ మానేసుకుంటూ, చివరికి అన్నం, సొరకాయ కూర మీద నెలల తరబడి బతికేవాళ్ళకు తిండి చాలని నీరసం కొత్తగా తోడవుతుంది.

ఒక్కోసారి మబ్బు ఆ రోజు రాదు, మర్నాడో ఎల్లుండో వస్తుంది. కాస్త బాగున్న రోజున వారం బట్టలన్నీ ఉతికేస్తారు, తర్వాత రెండు రోజులు మంచం దిగలేరు. ఎందుకొచ్చిందో అర్థం కాదు, ఎందుకంటే కారణం నిన్నటిదో మొన్నటిదో. ఇరవై నిమిషాల పనికి అలసిపోతారని నోటుబుక్కు చెబితే, పదిహేనో నిమిషానికే ఫోనులో టైమరు మోగాలి. ఒంట్లో ఓపిక ఉండగానే ఆపాలి. ఇది చెప్పినంత తేలిక కాదు.

మతిమరుపుకు పట్టుదల పనిచేయదు, సామాను పనిచేస్తుంది. ఏడు రోజులకు ఉదయం, రాత్రి గళ్ళున్న మాత్రల డబ్బా కొనుక్కోండి. మాత్ర మర్చిపోవడం కంటే, వేసుకున్నది మర్చిపోయి రెండోసారి వేసుకోవడం ప్రమాదం. పొయ్యి వెలిగించిన చేత్తోనే టైమరు పెట్టండి. బ్యాంకు పనులు రోజులో బుర్ర చురుగ్గా ఉండే గంటకు పెట్టుకోండి. మబ్బు కమ్మిన వేళ బండి తీయొద్దు.

అన్నిటినీ మాస్ట్ కణాల ఖాతాలో రాసేయకూడదు. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చెప్పేది), బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవాలి. కడుపులో ఆమ్లం తగ్గించే ఫమోటిడిన్‌ను ఏళ్ళ తరబడి వాడితే బి12 తగ్గవచ్చు. గురక పెట్టేవాళ్ళు నిద్రలో ఊపిరి ఆగుతోందేమో చూపించుకోవాలి. ఇక మాస్ట్ కణాలు రెచ్చిపోయాయో లేదో చెప్పే ట్రిప్టేజ్ రక్తపరీక్షకూ గడియారమే ముఖ్యం. జబ్బు ఒక్కసారిగా విరుచుకుపడే దాడి మొదలైన నాలుగు గంటల్లోపు ఒకసారి, అంతా సద్దుమణిగి కనీసం 24 గంటలు గడిచాక మరోసారి రక్తం ఇవ్వాలి. మామూలు అంకెకు అయిదో వంతు, ఆపైన రెండు కలిపి చూస్తారు. మామూలుగా 5 ఉంటే, దాడి సమయంలో 8 లేదా పైన ఉండాలి. మూడు రోజుల తర్వాత తీరిగ్గా వెళ్ళి ఇచ్చిన రక్తంలో మామూలు అంకే వస్తుంది, జబ్బు లేదనేస్తారు.

ఒక్క సందర్భంలో మాత్రం నోటుబుక్కు పక్కన పడేయాలి. ఒళ్ళంతా ఎర్రబడి, ఊపిరి ఆడక, లేదా కళ్ళు తిరిగి మాట తడబడితే అది నీరసం కాదు, అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలర్జీ దాడి. అప్పుడు రోగికి తన సంగతి తనకు తెలియదు, ఇంట్లోవాళ్ళే కదలాలి. డాక్టరు ముందే రాసిచ్చిన అడ్రినలిన్‌ను, పెద్దవాళ్ళకు సాధారణంగా 0.5 మిల్లీగ్రాములు, తొడ బయటి వైపు కండలోకి ఇవ్వాలి. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తుగా పెట్టాలి, ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టవచ్చు. లేపి నడిపించకూడదు. 108కి ఫోను చేయాలి. జబ్బు పేరు, పడని మందులు, ఇంజెక్షన్ మోతాదు రాసిన కాగితం ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంచండి, బీరువాలో దాచొద్దు.