ఎలికాట్ సిటీ: అమెరికాలో మిగిలిన అతి పాత రైల్వే స్టేషన్ చూసొద్దాం

[దృశ్యం: బూడిద రంగు రాతి స్టేషన్, దాన్ని ఆనుకుని రైలు కట్ట]

మేరీలాండ్‌లోని ఎలికాట్ సిటీ ఇది. బాల్టిమోర్ నుంచి రైలు దారిలో 13 మైళ్లు. అమెరికాలో ఇంకా నిలిచి ఉన్న రైల్వే స్టేషన్లలో అన్నిటికన్నా పాతది ఇదే. 1830లో పని మొదలైంది, మరుసటి ఏడాదికి పూర్తయింది.

ఇప్పుడిది మ్యూజియం. లోపల టికెట్ గది చూపిస్తారు. కానీ మొదట్లో అది లేదు! ఈ కట్టడాన్ని సరుకు కోసం కట్టారు. ప్రయాణికులు పక్కనే ఉన్న పటాప్స్కో హోటల్లో టికెట్ తీసుకుని, అక్కడే కూర్చునేవాళ్లు. వాళ్లకంటూ ఇక్కడ గదులు వచ్చింది 1850ల్లోనే.

సరుకుకే ఎందుకంత పెద్దపీట? జవాబు స్టేషన్ కింద పారుతున్న పటాప్స్కో నదిలో ఉంది. 1772లో ఎలికాట్ అన్నదమ్ములు ముగ్గురు ఈ నీటి ఉరవడితో పిండి మరలు తిప్పారు. చుట్టుపక్కల రైతులకు పొగాకు మానిపించి గోధుమ వేయించారు. ఆ పిండి బాల్టిమోర్ రేవుకు చేరాలి. అందుకే బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్వే తన మొదటి దారిని ఇక్కడికే వేసింది.

[దృశ్యం: మొదటి 13 మైళ్ల దారి నమూనా]

పిల్లలతో వెళ్తే ముందు ఈ నమూనా దగ్గరికి తీసుకెళ్లండి. మొత్తం కథ ఒక్క చూపులో అర్థమైపోతుంది. 1830 మేలో దారి తెరిచినప్పుడు బండ్లు లాగింది గుర్రాలే. ఆగస్టులో పీటర్ కూపర్ అనే వ్యాపారి తన చిన్న ఆవిరి ఇంజిన్ 'టామ్ థంబ్'ను ఇక్కడిదాకా నడిపి చూపించాడు. దాని బాయిలర్‌లో గొట్టాలుగా తుపాకీ గొట్టాలే వాడాడు! తిరుగు ప్రయాణంలో గుర్రంతో పందెం పడి, బెల్టు జారి ఓడిపోయిందని చెప్పుకుంటారు. పందెం జరిగిందా లేదా అన్నది చరిత్రకారులు తేల్చలేదు. ఇంజిన్ పనికొస్తుందని మాత్రం కంపెనీకి నమ్మకం కుదిరింది.

ప్రయాణికుల రైళ్లు 1949తో ఆగిపోయాయి. గూడ్సు బండ్లు ఈనాటికీ మ్యూజియం గోడ పక్కనుంచే పోతాయి. ఆవరణలో 1927 నాటి ఎర్ర కబూస్ ఉంది, అంటే గూడ్సు చివర గార్డు ఉండే పెట్టె.

[దృశ్యం: ఎత్తు ఎక్కుతున్న మెయిన్ స్ట్రీట్]

స్టేషన్ దాటగానే మెయిన్ స్ట్రీట్. రాతి ఇళ్లలో కాఫీ షాపులు, పాత సామాన్ల దుకాణాలు. ఈ వీధి కిందా పక్కనా వాగులు పారుతున్నాయి. 2016 జూలైలో, మళ్లీ 2018 మేలో కుండపోత వానకు వీధి వీధే ఏరైపోయింది, ప్రాణాలు పోయాయి. ఆ దుకాణాలను మళ్లీ నిలబెట్టుకున్నవాళ్ల దగ్గర ఏదో ఒకటి కొనండి, ఇది నా మనవి. భారీ వాన హెచ్చరిక ఉన్న రోజున మాత్రం అటు వెళ్లొద్దు.

సమయం మిగిలితే నది దాటి ఓయెల్లా వైపు నడవండి. పాత ట్రామ్ దారి ఇప్పుడు కాలిబాట. అది బెంజమిన్ బ్యానెకర్ మ్యూజియం దాకా తీసుకెళ్తుంది. బ్యానెకర్ బానిసత్వపు రోజుల్లో స్వతంత్రంగా బతికిన నల్లజాతి రైతు. మరలు కట్టిన ఎలికాట్ కుటుంబంలోని జార్జ్ అరువిచ్చిన పుస్తకాలతో, దుర్భిణితో ఖగోళ గణితం సొంతంగా నేర్చుకుని పంచాంగాలు అచ్చు వేయించాడు. 1791లో వాషింగ్టన్ నగరం సరిహద్దుల సర్వేలోనూ పనిచేశాడు. రెండు మ్యూజియాలూ వారమంతా తెరిచి ఉండకపోవచ్చు, వేళలు చూసుకుని బయల్దేరండి.