చార్టులో మొదటి స్థానం, నా దగ్గర ఎన్ని మార్కులు? పాత పాప్ హిట్లను మళ్ళీ విన్న తరువాత

అందరికీ నమస్కారం. 1960ల నుంచి 1990ల చివరి దాకా పాప్ చార్టుల్లో పైకెక్కిన కొన్ని పాటలను తీసుకుని, వాటిని మళ్ళీ మొదటినుంచి విని, ఒక్కొక్కదానికి పదికి ఇన్ని అని ఈ భాగంలో మార్కులు వేస్తున్నాను. అవి ఆ రోజుల్లో ఎన్నో స్థానం దాకా వెళ్ళాయో చెబుతాను గాని, ఆ స్థానాన్ని చూసి ఒక్క మార్కు కూడా కలపను, తీయను. పాట చేసేటప్పుడు గాయకుడో, వాద్యకారుడో, నిర్మాతో ధైర్యం చేసి ఒక నిర్ణయం తీసుకున్నారని చెవికి తెలియాలి, ఆ నిర్ణయం ఇన్నేళ్ళ తరువాత కూడా పనిచేయాలి. నేను చూసేది ఇదొక్కటే.

స్థానాన్ని ఎందుకు పక్కన పెడుతున్నానో ముందే చెప్పడం న్యాయం. అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక హాట్ 100 అనే పట్టికను 1958 ఆగస్టు 4న మొదలుపెట్టింది. రికార్డుల అమ్మకాన్నీ, రేడియోలో పాట ఎంతగా వినిపిస్తోందన్న దాన్నీ కలిపి వారం వారం ఆ పట్టికను వేసేవారు. అయితే చాలా ఏళ్ళపాటు ఆ లెక్కకు ఆధారం మనుషులు చెప్పిన మాటే. దుకాణాల వాళ్ళు తమ దగ్గర ఏ రికార్డులు బాగా పోతున్నాయో వరుసపెట్టి చెప్పేవారు, రేడియో కేంద్రాల వాళ్ళు తాము ఏవి ఎక్కువగా వేస్తున్నారో చెప్పేవారు. చెప్పేవాళ్ళకు కొత్త పాటల మీద సహజంగానే మోజు ఉంటుంది కాబట్టి, రెండు నెలలుగా అమ్ముతున్న రికార్డు ఇంకా బాగానే పోతున్నా దాన్ని జాబితాలో కిందికి దించడం మామూలైపోయింది. 1991 నవంబరు 30 నాటి పట్టిక నుంచి ఈ పద్ధతి మారింది. అమ్మినప్పుడల్లా యంత్రం చదివిన బార్‌కోడూ, రేడియో ప్రసారాలను యంత్రాలే పసిగట్టి వేసిన లెక్కా అప్పటినుంచి ఆధారమయ్యాయి. అంతవరకు ఆ పట్టికలో మొదటి స్థానాన ఏ పాటా పది వారాలకు మించి నిలవలేదు. 1992లో ఒక పాట 13 వారాలు నిలిచింది, వెంటనే మరొకటి 14 వారాలు నిలిచింది, 1995-96లో ఇంకొకటి 16 వారాలు కూర్చుంది. వినేవాళ్ళ ఇష్టం ఒక్క ఏడాదిలో అంతగా స్థిరపడిందని నేను నమ్మను. అందుకే ఆ అంకెలను చరిత్రగా గౌరవిస్తాను, కొలబద్దగా మాత్రం వాడను.

ఇక పాటల్లోకి వస్తాను. 1963 అక్టోబరులో జిమ్మీ గిల్మర్, ఫైర్‌బాల్స్ బృందం పాడిన 'షుగర్ షాక్' మొదటి స్థానానికి చేరి అయిదు వారాలు అక్కడే ఉంది. కాఫీ దుకాణంలో పనిచేసే అమ్మాయిని చూడడానికి రోజూ అక్కడికి వెళ్ళే కుర్రవాడి పాట అది. ముద్దుగా ఉంటుంది, ఎక్కడా తప్పు పట్టడానికి ఉండదు, రెండోసారి వినేసరికి చెప్పవలసిందంతా చెప్పేసి ఉంటుంది. పదికి అయిదు. ఆ పాట పైన ఉన్నప్పుడే దాని కింద రెండో స్థానం దాకా వచ్చి ఆగిపోయిన పాట రోనెట్స్ పేరుతో వచ్చిన 'బీ మై బేబీ'.

దీని దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే నేను మార్కులు వేసే పద్ధతంతా ఈ పాట ఎత్తుగడలోనే ఉంది. గొంతు లేదు, గిటారు లేదు, ముందు డ్రమ్స్ ఒక్కటే. హాల్ బ్లెయిన్ అనే వాద్యకారుడు పెద్ద డ్రమ్ము మీద మూడు దెబ్బలు వేస్తాడు, ఒకటి విడిగా, రెండు దగ్గర దగ్గరగా. నాలుగో మాత్రలో స్నేర్ డ్రమ్ము ఒక్కసారి చప్పట్లలా పేలుతుంది. లెక్క ప్రకారం రెండో మాత్రలో కూడా అలాంటి దెబ్బ పడాలి, ఆ కాలపు పాటలు చాలావరకు అలాగే నడిచేవి. ఇక్కడ ఆ చోటు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ వల్ల మన చెవి నాలుగో మాత్ర కోసం ఎదురుచూడడం నేర్చుకుంటుంది, ఇక పాట పొడవునా ఆ ఎదురుచూపు తీరదు. నిర్మాత ఫిల్ స్పెక్టర్ లాస్ ఏంజెలెస్‌లోని గోల్డ్ స్టార్ స్టూడియోలో ఒకే గదిలో ఎందరో వాద్యకారులను కూర్చోబెట్టి, ఆ మోతనంతా ప్రతిధ్వని గదుల్లోకి పంపి, దేనికది విడిగా వినపడనంత దట్టంగా కలిపేవాడు. ఆ దట్టమైన మోత మీద ఒకే ఒక్క గొంతు నిలబడాలి, రోనెట్స్ గాయని రోనీ గొంతు నిలబడింది. బృందం పేరు రికార్డు మీద ఉన్నా, ఆ బృందంలోంచి ఇందులో పాడింది ఆమె ఒక్కతే. పాట ముగియబోతుందనగా సంగీతమంతా ఒక్కసారి ఆగిపోయి, మొదటి డ్రమ్ము దెబ్బలు మళ్ళీ ఒంటరిగా వస్తాయి. అక్కడ ఎన్నిసార్లు విన్నా నా వేళ్ళు బల్ల మీద ఆ నాలుగో మాత్రను కొట్టకుండా ఉండలేదు. పదికి పది.

1977కు వెళ్దాం. ఆ ఏడాది డెబీ బూన్ పాడిన 'యూ లైట్ అప్ మై లైఫ్' వరుసగా పది వారాలు మొదటి స్థానంలో ఉండి, హాట్ 100లో అప్పటికి కొత్త రికార్డు పెట్టింది. గాయని గొంతు శుభ్రంగా ఉంటుంది, శ్రుతి ఎక్కడా తప్పదు, పల్లవి పైస్థాయికి వెళ్ళే తీరు వినేవాళ్ళను కదిలిస్తుంది. కాని ఆ పైస్థాయికి చేరిన తరువాత పాటకు వెళ్ళడానికి వేరే చోటు లేదు, అందుకే మళ్ళీ మళ్ళీ అక్కడికే వస్తుంది. పదికి నాలుగు వేస్తున్నాను, ఆ నాలుగూ గాయని గొంతుకే.

అదే 1977లో డోనా సమ్మర్ పాడిన 'ఐ ఫీల్ లవ్' బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరి, అమెరికాలో ఆరో స్థానం దగ్గరే ఆగింది. జార్జియో మొరోడర్, పీట్ బెలాట్ మ్యూనిక్ నగరంలో ఈ పాటను తయారుచేశారు. గొంతు తప్ప ఇందులో దాదాపు అంతా మూగ్ సింథసైజర్ అనే, విద్యుత్తుతో ధ్వనిని పుట్టించే వాద్యం నుంచి వచ్చిందే. పెద్ద డ్రమ్ముకు కావలసిన బరువు ఆ యంత్రంలో రాకపోవడం వల్ల ఆ ఒక్కదాన్ని మాత్రం మనిషి వాయించాడు.

ఈ పాట విషయంలో ఒక దిద్దుబాటు చేసుకోవాలి. చాలాకాలం క్రితం దీన్ని ఫోనులోని చిన్న స్పీకరు మీద విని, నా పుస్తకంలో పదికి ఆరు అని రాసుకున్నాను, ఒకటే గీత మీద సాగుతోందని పక్కన కారణం కూడా రాశాను. ఈసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. బేస్ స్వరం, అంటే పాట అడుగున మోగే లోతైన స్వరం, ఒక చెవిలో పడుతుంది, అదే స్వరం రవ్వంత ఆలస్యంగా రెండో చెవిలో పడుతుంది. నేను ఒకే గీత అనుకున్నది ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు ఆగకుండా పరుగెత్తుతున్న రెండు గీతల కలయిక. ఆ పరుగు మీద డోనా సమ్మర్ చరణాల్లోని మాటలను సాగదీసి, తేలుస్తూ, తొందరన్నదే లేకుండా పాడుతుంది. కింద యంత్రం ఎంత వేగంగా ఉందో, పైన మనిషి అంత నిదానంగా ఉంది. ఆ రెంటికీ మధ్య ఉన్న దూరమే ఈ పాట. ఆరును కొట్టివేసి పది రాస్తున్నాను. సరైన పరికరం లేకుండా విని మార్కులు వేయడం పాటకు చేసే అన్యాయమని ఆ కొట్టివేత చూసినప్పుడల్లా నాకు గుర్తుండాలి.

1981 గురించి ఎక్కువ చెప్పను. ఒలీవియా న్యూటన్-జాన్ పాడిన 'ఫిజికల్' పది వారాలు పైన ఉంది. ఫారినర్ బృందం పాడిన 'వెయిటింగ్ ఫర్ ఎ గర్ల్ లైక్ యూ' కూడా పది వారాలు ఉంది, రెండో స్థానంలో. అందులో తొమ్మిది వారాలు 'ఫిజికల్' కిందే గడిచాయి. తీరా అది దిగిపోయిన వారం మొదటి స్థానాన్ని హాల్, ఓట్స్ జంట పాట ఎగరేసుకుపోయింది. ఫారినర్ పాటలో సింథసైజర్ పొగమంచులా పరుచుకునే ఆరంభం నాకు ఇష్టం, దానికి ఏడు. 'ఫిజికల్' ఉత్సాహంగా ఉంటుంది, ఆరు.

1984లో ప్రిన్స్ చేసిన 'వెన్ డవ్స్ క్రై' అయిదు వారాలు మొదటి స్థానంలో ఉండి, ఆ ఏడాది మొత్తానికి బిల్‌బోర్డ్ లెక్కలో మొదటి పాటగా నిలిచింది. నా మార్కులూ చార్టూ గట్టిగా చేతులు కలిపేది ఇక్కడే. వాద్యాలన్నీ ప్రిన్స్ ఒక్కడే చూసుకున్నాడు. బేస్ కూడా పెట్టి, తరువాత దాన్ని తీసేశాడు. నృత్యానికి పనికొచ్చే పాటలో బేస్ తీసేయడమంటే ఇంటికి పునాది తీసినట్టే అని ఎవరైనా అనుకుంటారు. విని చూడండి. డ్రమ్ మెషీను గట్టిగా, పొడిగా కొడుతుంటుంది, కీబోర్డు మీద ఒక చిన్న స్వరగుచ్ఛం తిరిగి తిరిగి వస్తుంది, ఆ రెంటి మధ్య, బేస్ ఉండవలసిన చోట, ఏమీ ఉండదు. తల్లిదండ్రుల పోలికలు తమలో చూసుకుని బెదిరిపోయే ఇద్దరు ప్రేమికుల మాటలు ఆ ఖాళీలో పడతాయి, గొంతుకు ఆసరాగా కింద ఏదీ లేదని వినేవాడికి తెలుస్తూనే ఉంటుంది. బేస్ ఉండి ఉంటే ఇది మంచి పాట అయ్యేది, అంతకుమించి అయ్యేది కాదని నా గట్టి నమ్మకం. పదికి పది.

1990ల గురించి మాట్లాడేటప్పుడు ఒక నియమం చెప్పుకోక తప్పదు. 1998 డిసెంబరు దాకా, దుకాణంలో సింగిల్‌గా, అంటే ఆల్బమ్‌తో పనిలేకుండా విడి రికార్డుగా, అమ్మకానికి పెట్టని పాటకు హాట్ 100లో చోటు లేదు. సింగిల్ లేకపోతే జనం పూర్తి ఆల్బమ్ కొంటారని కంపెనీలు కొన్ని పాటలను విడిగా అమ్మడం మానేశాయి. నో డౌట్ బృందం పాడిన 'డోంట్ స్పీక్' రేడియో ప్రసారాల పట్టికలో 16 వారాలు మొదటి స్థానంలో ఉంది, హాట్ 100లో మాత్రం ఒక్క వారం కూడా కనపడదు. రేడియోలో ఆ పాటను రోజూ విన్నవాళ్ళ జ్ఞాపకానికి ఆ పట్టిక ఏ సమాధానం చెబుతుంది? పాటకు నా దగ్గర ఏడు. మధ్యలో వచ్చే గిటారు ఏకాంత వాద్యానికి అందులో పెద్ద వాటా ఉంది.

షెర్ పాడిన 'బిలీవ్' 1998లో బ్రిటన్‌లో ఏడు వారాలు, 1999లో అమెరికాలో నాలుగు వారాలు పైన నిలిచింది. గొంతులో శ్రుతి తప్పితే చెవికి తెలియకుండా సవరించడానికి ఆటో-ట్యూన్ అనే సాఫ్ట్‌వేర్ 1997లో వచ్చింది. దాన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు నిక్షేపాలను వెతకడానికి భూమిలోని తరంగాలను విశ్లేషించే పని చేసినవాడు. ఆ సాఫ్ట్‌వేర్ ఎంత త్వరగా సవరించాలో మనమే నిర్ణయించుకోవచ్చు. ఈ పాటలో ఆ వేగాన్ని చివరి దాకా తిప్పేశారు. మనిషి గొంతు ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారుతుంది, ఆ జారులోనే దాని ప్రాణం ఉంటుంది. ఇక్కడ ఆ జారును కోసేస్తే, గొంతు ఒక మెట్టు మీద నుంచి మరో మెట్టు మీదికి ఒక్క గెంతులో పడుతుంది. దాచడానికి పుట్టిన పరికరాన్ని అందరికీ వినపడేలా వాడడం సాహసమే. అంతకన్నా నాకు నచ్చింది, దాన్ని పాటంతా పూయకుండా కొన్ని మాటలకే వాడడం. పల్లవిలో షెర్ తన నిండు గొంతుతో వచ్చేసరికి, చరణంలో విరిగిన మనిషి పల్లవిలో లేచి నిలబడినట్టు వినిపిస్తుంది. వెనక నడిచే నృత్య సంగీతం మాత్రం ఆ ఏడాది మూసలోదే, అక్కడ ఒక మార్కు తగ్గించాను. పదికి తొమ్మిది.

కాలక్రమాన్ని పక్కనపెట్టి చివరి పాట కోసం మళ్ళీ 1963కు వస్తాను. ఆ ఏడాది జూన్‌లో క్యూ సకమోతో పాడిన జపనీస్ పాట హాట్ 100లో మొదటి స్థానానికి చేరి మూడు వారాలు నిలిచింది. జపాన్‌లో అది 1961లోనే వచ్చింది, అసలు పేరుకు అర్థం 'తల పైకెత్తి నడుస్తాను' అని. ఆ పేరు పలకడం కష్టమని ఇంగ్లీషు వినేవాళ్ళ కోసం 'సుకియాకి' అని మార్చారు. సుకియాకి అంటే ఒక మాంసం వంటకం, పాటలో దాని ఊసే లేదు. రాసిన రోకుసుకే ఎయి, అమెరికాతో జపాన్ చేసుకున్న భద్రతా ఒప్పందాన్ని వ్యతిరేకించిన ప్రదర్శనల నుంచి ఇంటికి నడిచివస్తున్నప్పటి నిరాశను ఈ పాటలో పెట్టాడు. కన్నీళ్ళు కిందపడకుండా తల పైకెత్తి నడిచే మనిషి పాట అది. ఏ దేశంతో ఒప్పందం వద్దని ఊరేగారో ఆ దేశంలోనే, మాట ఒక్కటీ అర్థం కాని జనం దాన్ని పైకెక్కించారు.

మాటలు తెలియకుండానే నేనూ దీన్ని మొదట విన్నాను. బాణీ తేలికగా, దాదాపు హాయిగా నడుస్తుంది. సకమోతో ఆరంభంలోనే మాటను మధ్యలో చిన్నగా విరిచి, రెండు అక్షరాలను నాలుగుగా చేసి పాడతాడు, గుటక మింగుతూ మాట్లాడే మనిషిలా. ఒకచోట మాటలు ఆపేసి, అదే బాణీని ఈల వేస్తాడు. ఏడుపు గొంతుకు అడ్డం పడినవాడు పాడలేడు, ఈల వేయగలడు. అర్థం తెలిసిన తరువాత ఆ ఈల దగ్గర నేను ప్రతిసారీ వాల్యూమ్ పెంచుతున్నాను. పదికి పది.