ఎర్ర దీపం వెలిగేసరికి

గౌరవనీయులైన అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, స్పోర్ట్స్ కార్ల మీది మమకారంతో ఇక్కడికి వచ్చిన మిత్రులందరికీ నమస్కారం. ఇంజను నూనె ప్రెషర్‌ను, ఉష్ణోగ్రతను చూపే గేజ్‌లను ఎలా ఎంచుకోవాలో, 52 మిల్లీమీటర్ల డయల్‌ను డ్యాష్‌బోర్డులో ఎక్కడ పెడితే అందంగా ఉంటుందో చెప్పమని నిర్వాహకులు నన్ను కోరారు. ఆ విషయం మీద కాగితాలు రాసుకునే వచ్చాను. అయితే ఈ సంచిలో నాతోపాటు ఒక చిన్న ఇత్తడి ముక్క కూడా వచ్చింది, అసలు మాట్లాడవలసింది దాని గురించే.

ముందుగా ఎర్ర దీపం సంగతి చూద్దాం. తయారీదారు మనకిచ్చిన ఆయిల్ దీపం వెనుక ఉన్నది కొలిచే సాధనం కాదు, ఒక స్విచ్ మాత్రమే. చాలా కార్లలో నూనె ప్రెషర్ సుమారు 0.3 నుంచి 0.5 బార్‌కు పడిపోతే తప్ప అది వెలగదు; బార్, పిఎస్‌ఐ రెండూ ప్రెషర్ కొలతలే. ఇంజను నిమిషానికి తిరిగే ప్రతి వెయ్యి చుట్లకు 10 పిఎస్‌ఐ, అంటే సుమారు 0.7 బార్ ఉండాలన్నది మెకానిక్కులు చెప్పే మోటు లెక్క. ఆ లెక్కన 6000 చుట్ల దగ్గర 4 బార్లకు పైగా కావాలి. అక్కడ ప్రెషర్ 1 బార్‌కు దిగజారినా ఎర్ర దీపం ఏమీ ఎరగనట్టు ఆరిపోయే ఉంటుంది. 1989లో వచ్చిన మజ్దా ఎంఎక్స్-5 మొదటి కార్లలో నిజంగా కొలిచే ప్రెషర్ గేజ్ ఉండేది. 1990ల నడుమ నుంచి డయల్‌ను అలాగే ఉంచి, దాని వెనుక స్విచ్ పెట్టారు. ముల్లు నడిమధ్య నిలబడి అంతా బాగుందని చెబుతుందే తప్ప, అది కొలిచేది ఏమీ లేదు. దీన్ని నేను తప్పుగానే భావిస్తాను.

ఇక ప్రెషర్ ఎలా పుడుతుందో చూడాలి. పంపు ఇచ్చేది ప్రవాహాన్ని మాత్రమే; ఆ నూనె బేరింగుల సన్నని సందుల్లో దూరడానికి పడే అడ్డంకి వల్ల ప్రెషర్ ఏర్పడుతుంది. నూనె కాగి పలుచబడినా, బేరింగు అరిగి సందు పెరిగినా ముల్లు ఒకే విధంగా కిందికి దిగుతుంది. ఈ రెంటిలో ఏది జరిగిందో ప్రెషర్ గేజ్ ఒక్కటే చెప్పలేదు. నూనె 125 డిగ్రీల దగ్గర ఉండగా ఐడ్లింగ్‌లో ప్రెషర్ 1 బార్ అయితే కాసేపు నెమ్మదిగా నడిపితే సరిపోతుంది. 90 డిగ్రీల దగ్గర రోజూ 2 బార్లు చూపే ఇంజనే ఆ వేడి దగ్గరే 1 బార్ చూపితే మాత్రం ఇంజను విప్పి చూడాలి. అందుకే నూనె ప్రెషర్ గేజ్‌ను, నూనె ఉష్ణోగ్రత గేజ్‌ను పక్కపక్కనే పెట్టి, కలిపి చదవమంటాను. ఇంజనును చల్లబరిచే నీళ్ళ వేడి చూపే గేజ్ ఉంది కదా అనుకోకండి. నీళ్ళు వేడెక్కిన తరువాత కూడా నూనె చాలాసేపు చల్లగానే ఉంటుంది. అది కనీసం 70 డిగ్రీలు దాటేవరకు యాక్సిలరేటర్‌ను గట్టిగా తొక్కవద్దు.

ఇక్కడ నా కాగితాల్లో మూడో పేజీ నుంచి డయల్ రంగులు, లైటింగ్ గురించి ఉంది. దాన్ని పక్కన పెడుతున్నాను, మన్నించండి.

పదకొండేళ్ళ కిందట నా రెండు సీట్ల కారుకు ఒక మెకానిక్ చేత ప్రెషర్ గేజ్ పెట్టించుకున్నాను. ఆయన ఆయిల్ స్విచ్ విప్పి, ఆ రంధ్రంలో ఒక ఇత్తడి అడాప్టర్ బిగించి, దానికి డబ్బాలాంటి బరువైన సెండర్‌ను, అంటే ప్రెషర్‌ను పసిగట్టి గేజ్‌కు తెలిపే పరికరాన్ని, తగిలించారు. "గేజ్ ఉండగా దీపం ఎందుకండీ?" అంటూ స్విచ్‌ను నా చేతిలో పెట్టారు. నేను తల ఊపాను. ఇంజను ప్రతి చుట్టుకూ అదురుతుంది, ఆ అదురుకు గాలిలో వేలాడే సెండర్ ఊగుతుంది, ఆ ఊపునంతా అడాప్టర్ సన్నని మెడ భరించాలి. మూడో నెలలో, ఒక పొడవాటి మలుపులో ఉండగా, అది తెగిపోయింది. అప్పుడు ముల్లు పడిపోలేదు, ఒక్కసారిగా పైకి పోయింది. నాది ప్రెషర్ పెరిగే కొద్దీ విద్యుత్ నిరోధం పెరిగే రకం సెండర్. అడాప్టర్ తెగగానే ఇంజనుతో ఎర్త్ పోయి, ఆ ఖాళీని గేజ్ గరిష్ఠ ప్రెషర్‌గా చూపింది. నూనె రోడ్డు పాలవుతుండగా నేను ముల్లును చూసి ధైర్యంగా నడుపుతున్నాను. దీపం ఉంటే ప్రెషర్ పూర్తిగా పడిపోగానే వెలిగేది. నాకు తెలిసింది మాత్రం ఇంజను లోపలి నుంచి టక్ టక్‌మని సుత్తి దెబ్బలు వినిపించిన తరువాతే. విప్పి చూస్తే క్రాంక్‌షాఫ్ట్ మీద గోరు తగిలేటంత లోతు గీతలు పడి ఉన్నాయి.

మిత్రులారా, దయచేసి ఆ దీపాన్ని తీసేయకండి. అది ఆలస్యంగా పలికే సాక్షి అని ఇప్పుడే నేనే అన్నాను, ఆ మాట మీదే ఉన్నాను. కానీ ముల్లును మనం చూడాలి, దీపమైతే తానే మన కంట పడుతుంది. మలుపులో మన కళ్ళు ఉండవలసింది రోడ్డు మీదే కదా!

సెండర్‌ను ఇంజనుకు వేలాడదీయకండి. ఉక్కు అల్లిక ఉన్న సన్నని హోస్‌తో నూనెను బయటికి తెచ్చి, కారు బాడీకి బ్రాకెట్‌తో బిగించిన, మూడు దారులున్న 'T' ఆకారపు ముక్కకు ఒకవైపు సెండర్, మరోవైపు పాత స్విచ్ అమర్చండి. అప్పుడు అదురును హోస్ భరిస్తుంది. అయితే ఒంటి తీగ సెండర్‌కు, ఆ స్విచ్‌కు ఎర్త్ ఇంజను ద్వారా రాదు కనుక, బ్రాకెట్ కింద రంగు గీకి శుభ్రమైన లోహం బయటపెట్టండి, లేదా విడిగా ఎర్త్ తీగ వేయండి. థ్రెడ్ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. జపాన్ ఇంజన్లలో సాధారణంగా కనిపించే 1/8 బిఎస్‌పిటి అనే థ్రెడ్ కొలతకు అంగుళానికి 28 థ్రెడ్లు, అమెరికా వారి 1/8 ఎన్‌పిటికి 27. ఒకదానిలో మరొకటి చేత్తో రెండు చుట్లు హాయిగా తిరిగి, ఆపైన బిగుసుకుంటుంది. అక్కడ స్పానర్ ఎత్తకండి, తప్పు ముక్క అని తెలుసుకుని వెనక్కి విప్పండి. టెఫ్లాన్ టేప్ చుట్టేటప్పుడు మొదటి థ్రెడ్‌ను ఖాళీగా వదలండి, లేకపోతే ఆ పీలిక నూనె దారిలో చేరుతుంది.

ఉష్ణోగ్రత సెండర్‌కు ఆయిల్ ఫిల్టర్‌కు, ఇంజనుకు నడుమ పెట్టే శాండ్‌విచ్ ప్లేట్ నాకు నచ్చిన చోటు. ఇంజను అడుగున నూనె నిలిచే సంప్‌కు ఉండే బోల్టు సులువే కానీ, నేలకు ఇంత దగ్గరగా ఉండే కారులో దానికి ఏ రాయి తగులుతుందో చెప్పలేం. ప్లేట్ పెట్టేముందు పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజనుకే అంటుకుని ఉందేమో వేలితో తడిమి చూడండి. రింగు మీద రింగు పడితే నూనె ఆగదు.

ఇప్పుడు నా సంచిలోని ఆ తెగిన అడాప్టర్‌ను మొదటి వరుస నుంచి పంపుతున్నాను. విరిగిన ముఖాన్ని వెలుతురులో తిప్పి చూడండి. ముప్పావు వంతు నల్లగా, జిడ్డు పట్టి ఉంది. అది వారాల తరబడి పగులు మెల్లగా పాకిన దారి. అంచున గోరంత మేర మాత్రం పసుపు పచ్చగా మెరుస్తుంది, ఆ మలుపులో తెగింది అంతే. చూసినవారు వెనుక వరుసకు అందించండి. అది నా చేతికి తిరిగి వచ్చేలోగా మీ ప్రశ్నలు వింటాను.