అరవయ్యా, ఇరవయ్యా? మీటింగ్ గదికి ఫోన్ కొనేముందు

[తెరపై: టేబుల్ మధ్యలో స్టీలు గ్లాసు, అందులో నిలబెట్టిన మొబైల్. చుట్టూ ఆరు కుర్చీలు.]

నమస్కారమండి. ఈ గ్లాసు చూశారుగా. భీమవరం నుంచి పాలకొల్లు దాకా నేను ఫోన్లు, నెట్ వైర్లు బిగించడానికి వెళ్లిన ఆఫీసుల్లో చాలాచోట్ల ఇది ఉంటుంది. మొబైల్‌ని గ్లాసులో దింపి, స్పీకర్ ఆన్ చేసి, మీటింగ్ కానిచ్చేస్తారు. ఇటు గొంతు పెద్దగానే వస్తుంది. కానీ మొబైల్‌కి ముఖ్యమైన మైకు ఉండేది అడుగున. అది గ్లాసులో మునిగిపోయింది. అవతలివాళ్లకి మనం నూతిలోంచి మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

ఇలా కుదరదని, టేబుల్ మధ్యలో పెట్టి అందరూ కలిసి మాట్లాడే కాన్ఫరెన్స్ ఫోన్ కొనడానికి వెళ్తారు. షాపులో సౌండ్ పెంచి విని, "అబ్బో, ఎంత గట్టిగా వస్తోందో" అని కొనేస్తారు. పప్పులో కాలేసేది అక్కడే. మీ ఫోన్ బాగోగులు తెలిసేది మీకు కాదు, అవతల వినేవాళ్లకి.

[తెరపై: మేత బస్తాల గోడౌన్.]

నేనూ ఇలా ఓసారి మాటపడ్డాను. రొయ్యల మేత డీలరుగారి ఆఫీసులో చవకగా వచ్చిందని ఒక ఫోన్ పెట్టాను. మర్నాడు కంపెనీవాళ్లతో కాల్. వాళ్లు ఇంకా ఏదో చెబుతుండగానే ఈయన "అరవై బస్తాలు పంపండి" అన్నారు. వచ్చినవి ఇరవై. సాయంత్రం నాకు ఫోన్: "ఏవండీ, మీ ఫోను నలభై బస్తాలు మింగేసిందండి!"

[తెరపై: "అరవై", "ఇరవై" పక్కపక్కన. రెండింటి మొదటి అక్షరం చెరిగిపోతుంది. రెండుచోట్లా మిగిలింది "రవై".]

జరిగింది ఇదీ. అది హాఫ్ డూప్లెక్స్ ఫోను. అంటే ఒకసారికి ఒకవైపే దారి. అవతలి గొంతు వస్తున్నంతసేపూ మన మైకు మూసుకుని ఉంటుంది. మనం మాట్లాడ్డం మొదలుపెట్టాక అది గమనించి తెరుచుకునేలోపు మొదటి అక్షరం పోతుంది. అరవైలో అ పోయినా, ఇరవైలో ఇ పోయినా మిగిలేది ఒకటే. మన తెలుగు అంకెలకి ఇదో గండం.

అందుకని మనకి కావాల్సింది ఫుల్ డూప్లెక్స్. రెండువైపులా ఒకేసారి మాట్లాడుకోవచ్చు. బేరాల్లో మనవాళ్లు ఒకరు ముగించేదాకా ఇంకొకరు ఆగుతారా ఏంటి?

ఫుల్ డూప్లెక్స్‌లో మైకు, స్పీకర్ రెండూ తెరిచే ఉంటాయి కాబట్టి, స్పీకర్లోంచి వచ్చిన అవతలివాళ్ల గొంతు మళ్లీ మన మైకులో పడి వాళ్లకే వెనక్కి వెళ్తుంది. దాన్ని ఫోనే తీసేయాలి. ఆ పనిని ఎకో క్యాన్సలేషన్ అంటారు. ఫోన్‌కి ఎక్కువ డబ్బు పెడితే అందుకే పెట్టాలి. ఇందులో ఒక తిరకాసుంది. కాల్‌లో మీ గొంతు మీకే తిరిగి వినిపిస్తే, తప్పు సాధారణంగా మీ ఫోన్‌ది కాదు, అవతలి గదిది. అలాగే మీ గది చేసే గోల మీకు ఎప్పటికీ వినపడదు.

[తెరపై: ఖాళీ గదిలో ఒక్క చప్పట్టు. గణగణమని తిరిగొస్తుంది.]

గది సంగతి కూడా చూడండి. కొత్త ఆఫీసు అంటే మనకి కింద మెరిసే టైల్స్, ఓ పక్క గాజు పార్టిషన్. చూడ్డానికి బావుంటుంది, శబ్దం మాత్రం గోడకీ గోడకీ కొట్టుకుంటుంది. ఇక్కడ ఎంత మంచి ఫోనైనా తడబడుతుంది. దళసరి కర్టెన్లు వేయండి. కింద మన కోనసీమ కొబ్బరి పీచు చాప పరిచినా కొంత ఉపశమనమే. ఫోన్‌ని సరిగ్గా ఫ్యాన్ కింద మాత్రం పెట్టకండి.

మైకు దూరం ఇంకోటి. అడ్డేమీ లేని చోట దూరం రెట్టింపైతే గొంతు 6 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) తగ్గుతుంది. గదిలో ప్రతిధ్వని మాత్రం అంతగా తగ్గదు. అందుకే చివరి కుర్చీ మనిషి ఎప్పుడూ దూరంగా వినిపిస్తాడు. 1992లో పాలీకామ్ కంపెనీ తెచ్చిన సౌండ్‌స్టేషన్ అనే కాన్ఫరెన్స్ ఫోన్‌కి మూడు కాళ్లుండేది అందానికి కాదు, మూడువైపులా మైకుల కోసం. ఆరుగురు కూర్చునే టేబుల్‌కి నాలుగువైపులా వినే ఒక్క ఫోన్ చాలు. టేబుల్ పొడవైతే అదనపు మైకులు తగిలించుకునే రకం తీసుకోండి.

ఇక కనెక్షన్. మీ మీటింగులన్నీ వాట్సాప్, జూమ్, గూగుల్ మీట్‌లోనే అయితే యూఎస్‌బీ, బ్లూటూత్ ఉన్న చిన్న స్పీకర్‌ఫోన్ సరిపోతుంది. చిన్న ఆఫీసుల్లో పదింట ఎనిమిదింటికి నేను ఇదే చెబుతాను. బ్యాటరీ కూడా ఉంటే కరెంటు పోయినా ఫోన్ ఆగదు. ల్యాండ్‌లైన్‌కి తగిలించే రకం కొనేముందు ఒకటి తెలుసుకోండి: మామూలు టెలిఫోన్ లైను సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోస్తుంది, అంతకంటే సన్నటి శబ్దాన్ని మోయదు. స లాంటి శబ్దాల్లో ఉండే బుసలో చాలాభాగం దానికి పైనే ఉంటుంది. ఎంత ఖరీదైన ఫోనైనా లైను మోయనిదాన్ని తీసుకురాలేదు. నెట్‌వర్క్ కేబుల్‌తో నడిచే ఐపీ ఫోన్లకి ఆ ఇబ్బంది లేదు, కాకపోతే ఆ సన్నటి శబ్దాల్ని కూడా మోసే హెచ్‌డీ వాయిస్ అవతలివైపు కూడా ఉండాలి. చాలా ఐపీ ఫోన్లకి కరెంటు ఆ కేబుల్లోంచే వస్తుంది కాబట్టి, ఆ కేబుల్ తగిలించే నెట్‌వర్క్ స్విచ్చి పెట్టెనీ, ఫైబర్ నెట్ పెట్టెనీ ఇన్వర్టర్ మీద పెట్టండి. లేదంటే కరెంటు పోగానే మీటింగూ పోతుంది.

[తెరపై: బల్ల మీద కొత్త ఫోన్. కిటికీ పక్క కుర్చీలో కుర్రాడు.]

డబ్బు కట్టేముందు, వెనక్కి తీసుకుంటారో లేదో షాపులో అడిగి, ఫోన్‌ని మీ గదిలోనే పెట్టించండి. మీరు మాత్రం గదిలో ఉండకండి. బయటికి వెళ్లి, మీ మొబైల్‌తో ఆ ఫోన్‌కి (యూఎస్‌బీ, బ్లూటూత్ రకమైతే దానికి కలిపిన మొబైల్‌కి) కాల్ చేసి, ఆపకుండా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి. ఏసీ, ఫ్యాను రెండూ తిరుగుతుండగా, ఆ చివరి కుర్చీలోంచి కుర్రాణ్ణి అరవై, ఇరవై, ఇరవై, అరవై అని తోచిన వరసలో పది సార్లు మామూలు గొంతుతో చెప్పి, చెప్పిన వరసని కాగితం మీద రాసుకోమనండి. మీరూ విన్నది విన్నట్టు ఇంకో కాగితం మీద రాసుకోండి. లోపలికొచ్చి, అతను రాసుకున్న కాగితంతో పోల్చండి. రెండుచోట్ల తేడా వచ్చినా సరే, ఆ ఫోన్‌ని అట్టపెట్టెలో పెట్టి షాపుకి పంపించేయండి.